తీగ ఢిల్లీది, స్తంభం సీతమ్మధారది

గాజువాకలో మెయిన్ రోడ్డు వదిలి ఏ సందు మలుపులో నిలబడి తలెత్తినా కరెంటు స్తంభం ఓ అపార్ట్‌మెంటులా కనిపిస్తుంది. పై అంతస్తులో 11 కేవీ లైను. దాని కింద ఇళ్లకు సరఫరా ఇచ్చే ఎల్‌టీ తీగలు. ఆ కింద వీధి దీపం. ఇంకాస్త దిగితే అద్దెకున్నవాళ్ల గుంపు: కేబుల్ టీవీ తీగలు, ఎప్పుడో కట్ చేసిన కనెక్షన్ల తోకలు, చుట్టలు చుట్టి బిగించిన నల్లటి ఫైబర్, టిఫిన్ డబ్బా అంత జాయింట్ బాక్సు. వీళ్లలో ఎవరు అద్దె కడుతున్నారో, ఎవరు ఊరికే ఉంటున్నారో స్తంభాన్ని చూసి చెప్పలేం.

ఇంటర్నెట్ అనగానే చూపు సముద్రం వైపు పోయే రోజులివి. గూగుల్, డేటా సెంటర్, సముద్రగర్భ కేబుల్... విశాఖలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇవే మాటలు. కానీ ఇంట్లో వైఫై రావడం, రాకపోవడం చాలాసార్లు ఈ స్తంభం దగ్గరే తేలిపోతుంది. దాని మీద తీగ కట్టే హక్కు ఎవరిది? అద్దె ఎంత? గాలివానకు కూలితే ముందు ఎక్కాల్సింది కరెంటు లైన్‌మనా, కేబుల్ కుర్రాడా? ఇవన్నీ చట్టం తేల్చాల్సిన సంగతులు. ఆ చట్టం ఎవరు రాయాలన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

ఉత్తరాంధ్రకూ గోదావరి జిల్లాలకూ కరెంటు పంచే ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విశాఖ సీతమ్మధారలో, పీ అండ్ టీ కాలనీలో ఉంది. పీ అండ్ టీ అంటే పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్, తపాలా తంతి. 2013 జూలైలో దేశమంతటా తంతి సేవ ఆగిపోయింది. పేరు మిగిలింది, ఆ చిరునామాలో కరెంటాఫీసు ఉంది. ఫైబర్ కథ మొత్తం ఆ ఒక్క చిరునామాలో ఇమిడిపోయిందనిపిస్తుంది.

మూడు జాబితాల మధ్య ఒక తీగ

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో తపాలా, తంతి, టెలిఫోన్లు కేంద్ర జాబితాలో 31వ అంశం. భూమి రాష్ట్ర జాబితాలో 18వది. రోడ్లూ, పురపాలక సంఘాలూ ఆ జాబితాలోవే. కరెంటు మాత్రం ఉమ్మడి జాబితాలో 38వ అంశం. ఒక ఫైబర్ తీగ మధురవాడ నుంచి భీమిలి పోవాలంటే ఈ మూడు జాబితాల గుమ్మాలూ తొక్కాలి. తీగ ఢిల్లీది. కింద మట్టి రాష్ట్రానిది. రోడ్డు అంచు జీవీఎంసీది కావచ్చు, ఆర్ అండ్ బీది కావచ్చు, జాతీయ రహదారుల సంస్థది కావచ్చు. స్తంభం కరెంటు పంచే డిస్కంది.

వీటన్నిటికీ చాలాకాలం పెద్ద దిక్కు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. అది వచ్చేనాటికి విశాఖకు హార్బరు లేదు, స్టీలు ప్లాంటు ఊహలో కూడా లేదు. ఆ చట్టం పదో సెక్షన్ చెప్పిందేమిటంటే, టెలిగ్రాఫ్ అధికారి తీగను ఎవరి స్థలం మీదుగానైనా, కిందుగానైనా లాగవచ్చు. స్థలం సొంతదారు మారడు. నష్టం జరిగితే పరిహారమివ్వాలి. స్థలం మునిసిపాలిటీదైతే దాని అనుమతి తీసుకోవాలి. మోర్స్ కోడ్ టక్‌టక్‌ల కోసం రాసిన ఆ నాలుగు ముక్కల మీదే నూట ముప్ఫై ఏళ్ల తర్వాత మన యూట్యూబ్ వీడియోలు నడిచాయి.

ఆ చివరి షరతులోనే ఉంది తిరకాసు. రోడ్డు తవ్వాలంటే ఒక్కో ఊరు ఒక్కో రేటు చెప్పేది, ఫైలు ఒక్కో టేబుల్ మీద ఒక్కో నెల నిద్రపోయేది. దాంతో 2016 నవంబరులో కేంద్రం రైట్ ఆఫ్ వే నిబంధనలు తెచ్చింది. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలి, పరిపాలన ఖర్చు కింద కిలోమీటరుకు వెయ్యి రూపాయలకు మించి తీసుకోకూడదు అంది. గాలిలో లాగే తీగలకు ప్రత్యేకంగా దారి చూపింది 2021 సవరణలో. 2023 డిసెంబరులో పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టమే వచ్చింది. దాని కింద కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రాసింది ఢిల్లీ. సంతకం పెట్టాల్సింది మాత్రం వార్డు ఇంజినీరు.

పరవాడ దాకా వచ్చి ఆగింది

దేశంలో ఊరూరికీ ఫైబర్ అన్న ఆలోచన మొదట ప్రయోగానికెక్కిన చోట్లలో విశాఖ పక్కనున్న పరవాడ ఒకటి. ఈ మాట ఇక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు పచ్చజెండా ఊపింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలు, అంచనా ఖర్చు 20,000 కోట్ల రూపాయలు. అసలు పనికి ముందు మూడు బ్లాకుల్లో పైలట్ పెట్టారు. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లా అరైన్, ఉత్తర త్రిపురలో పాణిసాగర్, విశాఖ జిల్లాలో పరవాడ. 2012 చివరికి ఆ మూడింటిలోని పంచాయతీలకు ఫైబర్ చేరింది.

పరవాడ అంటే మారుమూల పల్లె కాదు. ఒక పక్క సింహాద్రి థర్మల్ స్టేషన్, ఇంకో పక్క ఫార్మా సిటీ, కాస్త దూరంలో ఉక్కు నగరం. అలాంటిచోట కూడా ఫైబర్ పంచాయతీ ఆఫీసు గోడ దాకా వచ్చి ఆగింది. పథకం గీతే అక్కడిదాకా గీశారు. ఆఫీసు నుంచి ఇంటికి ప్రైవేటు వాళ్లో, కేబుల్ వాళ్లో తీసుకుపోతారని అనుకున్నారు. ఊరికి మంచినీళ్ల ట్యాంకు కట్టి, కుళాయిలు ఎవరో వేస్తారులే అని వదిలేసినట్టు. ఎవరూ రాలేదు. ఆ పొరపాటు దిద్దుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 2023 ఆగస్టులో కేంద్రం 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌ను ఆమోదించింది. అందులో పదేళ్ల నిర్వహణను ముందే లెక్కలో వేశారు. ఒకవైపు తెగినా డేటా రెండోవైపు నుంచి చుట్టి వచ్చేలా రింగులుగా లాగాలన్నారు. పరవాడ ఈలోగా జిల్లా కూడా మారింది. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లా.

స్తంభమెక్కిన ఫైబర్

రాష్ట్రం వేసిన ఎత్తు ఇక్కడే ఆసక్తిగా ఉంటుంది. టెలికం మీద చట్టం చేసే అధికారం అమరావతికి లేదు. కానీ స్తంభాలున్నాయి, సబ్‌స్టేషన్లున్నాయి. కరెంటు వెళ్లని ఊరు దాదాపు లేదు కాబట్టి కరెంటు నడిచిన బాటనే నెట్‌నూ నడిపిద్దామనుకున్నారు. 2015 అక్టోబరులో ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అనే కంపెనీ పెట్టారు. నేల తవ్వి పాతితే 5,000 కోట్లదాకా అవుతుందని, స్తంభాల మీదుగా లాగితే మొదటి దశ 333 కోట్లలో తేలిపోతుందని ప్రభుత్వం లెక్క చెప్పింది. దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబర్, 2,400కు పైగా సబ్‌స్టేషన్లలో పరికరాలు, మొత్తాన్నీ కనిపెట్టుకుని ఉండే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ విశాఖలో. పని మొదట పట్టాలెక్కింది కూడా ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లోనే.

సబ్‌స్టేషన్‌ను ఎంచుకోవడం తెలివైన పని. అక్కడ గది ఉంటుంది, కరెంటుంటుంది, రాత్రీ పగలూ మనిషుంటాడు. వాడిన కేబుల్‌లో లోహం ముక్క ఉండదు, కాబట్టి హైటెన్షన్ తీగ పక్కన వేలాడినా భయం లేదు. ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లే పనిని ఊళ్లోని కేబుల్ ఆపరేటర్‌కి అప్పగించారు. ఏ ఇంట్లో ఎవరుంటారో, ఎవరు ఒకటో తారీఖున డబ్బిస్తారో, ఎవరు పదో తారీఖు దాకా తిప్పుతారో అతనికి తెలిసినంతగా ఏ కార్పొరేట్ కాల్ సెంటర్‌కీ తెలియదు. పరవాడలో ఖాళీగా వదిలేసిన చోటును పూడ్చింది ఇతనే. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంతో ఆర్భాటంగా మొదలుపెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు 149 రూపాయలు, పైన పన్నులు. దానికే టీవీ చానళ్లు, ఫోను, నెట్టు. డేటాకు పరిమితి ఉన్నా అప్పటికి పల్లెలో అది ఎవరూ విననంత చవక.

చవకకు ఓ ఖరీదుంది. తీగ గాలిలో ఉంటుంది కాబట్టి కొమ్మ విరిగితే తెగుతుంది, ఎత్తుగా లోడేసిన లారీ తగిలితే తెగుతుంది, స్తంభం మార్చినప్పుడల్లా తెగుతుంది. ఇంట్లో ఓఎన్‌టీ అనే నెట్ డబ్బా మీద ఎర్ర దీపం మెరుస్తుంది. వెంటనే కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకే మాట: రెడ్ లైటొస్తోంది.

అప్పుడు రోడ్డు పక్కన స్టూలేసుకుని కూర్చునే మనిషిని గమనిస్తే ఈ వ్యాపారం ఎంత సున్నితమో అర్థమవుతుంది. నల్లటి పైతోలు వలుస్తాడు. లోపలి జెల్లీ తుడుస్తాడు. కుట్టుదారాల్లాంటి పోగులు బయటికొస్తాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు. ఆ వరస తప్పితే ఒక ఊరి లైను ఇంకో ఊరికి పోతుంది. రంగు పొర గీకేస్తే మిగిలే గాజుపోగు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే నడిమి దారి తొమ్మిదే. స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌లో పెట్టి టిక్‌మని కోసి, రెండు కొనలనూ స్ప్లైసింగ్ మెషీన్‌లో ఎదురెదురుగా ఆనిస్తాడు. చిన్న మెరుపు. గాజు గాజులో కరిగి ఒకటవుతుంది. తెర మీద 0.02 డీబీ అని కనిపిస్తే తర్వాతి రంగు అందుకుంటాడు. ఎక్కువ చూపిస్తే మళ్లీ కోయడమే. ఉక్కు నగరం గాలిలోని దుమ్ము ఒక్క రేణువు చాలు, పని చెడటానికి. 24 పోగులున్న కేబుల్ అయితే ఇదంతా 24 సార్లు. వాన పడుతుంటే పక్కన గొడుగు పట్టుకోవడానికి ఇంకో మనిషి.

జీవోతో పుట్టింది, జీవోల మధ్యే నలిగింది

ఫైబర్‌నెట్‌ను నలిపింది తెగిన తీగల కన్నా అస్థిరత్వం. మొదటి దెబ్బ బయటిది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోన్లో డేటాను ఉచితంగా పంచిపెట్టింది. 149 రూపాయల నెట్‌కు ఉన్న మోజు కొంత అక్కడే తగ్గింది. రెండోది ఇంటిది. టెండర్ల తగాదా పోలీసు కేసుల దాకా, కోర్టుల దాకా పోయింది. 2019లో ప్రభుత్వం మారింది, 2024లో మళ్లీ మారింది, మారినప్పుడల్లా సంస్థ పనే మారిపోయింది. 2023 జూన్‌లో విశాఖలో ఆర్భాటంగా ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ మొదలుపెట్టి, 99 రూపాయలకు కొత్త సినిమా ఇంటికే చూపిస్తామన్నారు. 2025 ఫిబ్రవరిలో సంస్థ చైర్మన్ జీవీ రెడ్డి, అధికారులతో బహిరంగంగా తగవు పడి రాజీనామా చేశారు. ఈ మధ్యలో స్తంభం మీది తీగ ఎవరికీ పట్టలేదు.

రాష్ట్రం మౌలిక వసతుల మీద చట్టాలు చేయలేదా అంటే, చేసింది. 2001లో ఉమ్మడి రాష్ట్రం మౌలిక వసతుల అభివృద్ధికి వీలు కల్పించే చట్టం తెచ్చింది. రోడ్లు, రేవులు వంటి వాటిలోకి ప్రైవేటు పెట్టుబడి రావడానికి తలుపు అది. 2019లో వంద కోట్లు దాటిన టెండర్లను ముందుగా ఒక న్యాయమూర్తి చూడాలంటూ జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం వచ్చింది. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు బాట పట్టించింది. రెండిటిలోనూ చట్టసభ ధ్యాసంతా పని ఎవరికివ్వాలన్న దాని మీదే. పని పూర్తయ్యాక ఆ తీగకు స్తంభం మీద ఏ హక్కుంది, సర్కారు మారినా ఆ హక్కు నిలుస్తుందా అన్నది జీవోలకూ ఒప్పందాలకూ వదిలేశారు. ఫైబర్‌నెట్‌కు ఉన్న పెద్ద లోటు ఇదే. జీవోను ఇంకో జీవోతో రద్దు చేయొచ్చు. చట్టాన్ని మార్చాలంటే కనీసం సభలో నిలబడి కారణం చెప్పాలి.

పేరులోనే చట్టమున్న ఊరు

అలాంటి చట్టం ఉంటే ఏమవుతుందో చూపించే ఊరు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఒకటుంది, చట్టనూగా. ఒకప్పుడు ఇనుప ఫౌండ్రీల పొగతో నల్లబడ్డ ఊరు, చుట్టూ కొండలు. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ నగరపాలక సంస్థది. 1999లో టెనెసీ చట్టసభ ఇలాంటి కరెంటు సంస్థలు తమ పరిధిలో కేబుల్, ఇంటర్నెట్ అమ్ముకోవచ్చని చట్టం చేసింది. ఆ ఆసరాతో ఈపీబీ తన స్తంభాల మీదే ఫైబర్ లాగింది. స్మార్ట్ గ్రిడ్ కోసం 11 కోట్ల డాలర్లకు పైగా కేంద్ర సాయం అందింది. 2010లో ఊరంతటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఇస్తామని ప్రకటిస్తే పెద్ద నగరాలే తిరిగి చూశాయి. అదే ఫైబర్ కరెంటు లైన్లనూ కనిపెట్టుకుంటుంది. చెట్టు కూలి లైను తెగితే, సరఫరాను తనంతట తానే వేరే దారికి మళ్లిస్తుంది. 2020లో కరోనా రాగానే పేద విద్యార్థుల ఇళ్లకు ఉచితంగా నెట్ ఇవ్వడానికి వీలుపడిందీ దానివల్లే.

అయితే ఆ చట్టానికి రెండో అంచు కూడా ఉంది. ‘తమ పరిధిలో’ అన్న రెండు మాటలు. పక్క పల్లెవాళ్లు మాకూ ఇవ్వండి మహాప్రభో అన్నా ఈపీబీ గీత దాటకూడదు. 2015లో కేంద్ర నియంత్రణ సంస్థ ఆ గీతను చెరిపేయబోయింది. 2016 ఆగస్టులో అప్పీలు కోర్టు, రాష్ట్ర చట్టాన్ని తోసిపుచ్చే అధికారం మీకు లేదని చెప్పేసింది. మిసిసిపీ రాష్ట్రం 2019లో దీనికి తిరగేసిన పని చేసింది. పల్లెల్లోని కరెంటు సహకార సంఘాలు నెట్ అమ్ముకోవచ్చని చట్టం తెచ్చింది.

ఇంత దూరం పోనక్కర్లేదనుకుంటే కేరళ ఉంది. అక్కడ కేఫోన్ 2023 జూన్‌లో విద్యుత్ బోర్డు స్తంభాల మీదే మొదలైంది. తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ పైపుల కోసం 2015లో ప్రత్యేక చట్టమే చేసుకుంది. రైతు భూమి రైతుదే, లోపల పైపు వేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వానిది. ఆ నీళ్ల పైపు పాతిన కందకంలోనే టీ-ఫైబర్ గొట్టం కూడా వేశారు. తవ్వకం ఒక్కటే, పనులు రెండు.

స్తంభాలు నేలలోకి దిగితే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి. ఫోన్లు మూగబోయాయి. ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో తెలియక వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు పడ్డ యాతన ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కరెంటు తీగలను నేలలోకి దింపే పని చేపట్టారు. చాలా మంచి పని. విచిత్రం ఏమిటంటే, ఒక చేత్తో ప్రభుత్వం స్తంభాల మీద ఫైబర్ లాగుతుండగానే ఇంకో చేత్తో అవే స్తంభాలను పీకడానికి సిద్ధమైంది. స్తంభం పోతే దాని మీద అద్దెకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? కరెంటు కేబుల్ కోసం తవ్విన గోతిలోనే ఫైబర్‌కు ఒక ఖాళీ పైపు వేయాలని ముందే చట్టం ఉంటే ఈ ప్రశ్నే రాదు. 2023 టెలికం చట్టం ఉమ్మడి పైపుల మాట ఎత్తింది, నిజమే. కానీ రోడ్డూ, గొయ్యీ రాష్ట్రానివి. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పైపు తప్పనిసరి అనాల్సిందీ, తుపాను తర్వాత కరెంటు జట్టుతోపాటే ఫైబర్ జట్టూ బయల్దేరాలని రాయాల్సిందీ అసెంబ్లీయే. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం మీద పడ్డప్పుడు కూడా అదే దృశ్యం: కూలిన స్తంభం, దాని కింద కరెంటూ నెట్టూ ఒకే చుట్టలో.

స్తంభమే సరిగా లేనిచోట ఇంకో కథ. పాడేరు, అరకు కొండల్లో 2020 లాక్‌డౌన్ రోజుల్లో పిల్లలు ఆన్‌లైన్ పాఠాల కోసం సిగ్నల్ వెతుక్కుంటూ గుట్టలెక్కారు. 2023 జూన్‌లో ఒకేసారి వంద సెల్ టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం ఏజెన్సీలోనే. టవర్ నిలబెట్టగానే సరిపోదు. దాని వెనక డేటా మోసే లైను బలంగా ఉండాలి. కొండల్లో అది ఫైబర్ కాక మైక్రోవేవ్ అయితే, నలుగురు వీడియో చూసేసరికి గింజుకోవడం మొదలవుతుంది. ఆ కొండల మధ్య నుంచే 1960ల చివర్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. బైలదిల్లా ఖనిజం దాదాపు అరవయ్యేళ్లుగా బొర్రా సొరంగాలు దాటి రేవుకు చేరుతోంది.

ఇప్పుడు రేవు వైపు నుంచి ఇంకో సరుకు రాబోతోంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని, కొత్త సముద్రగర్భ కేబుళ్లను ఈ తీరానికి తెస్తానని ప్రకటించింది. అంతకు రెండు రోజుల ముందే సిఫీ సంస్థ ఇక్కడ కేబుల్ ల్యాండింగ్ స్టేషన్‌కు శంకుస్థాపన చేయించింది. ఇన్నాళ్లూ మన దేశానికి సముద్రపు కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాల్లోనే ఒడ్డెక్కాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగి మన నెట్ కూడా నెమ్మదించినప్పుడు, తూర్పు తీరంలో ఇంకో గుమ్మం ఎందుకు కావాలో అందరికీ అర్థమైంది. విశాఖకు ఇది రెండో హార్బరు.

మొదటి హార్బరును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించారు. లోపలి ఊళ్ల సరుకును అక్కడికి చేర్చే రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం అప్పటికి రెండేళ్ల ముందే, 1931లో పూర్తయింది.